అందరూ ఒకేసారి మాట్లాడిన ఆదివారం: మార్టూరు దాకా ఒక ఇంగ్లీషు క్లాసు

సుగుణ టీచర్ ఫోన్ చేసినప్పుడు రాలేనని చెప్పాను. రెండోసారి చేసినప్పుడూ అదే చెప్పాను. మూడోసారి ఆవిడ అడగడం మానేసి, "ఆదివారం పొద్దున్నే బయల్దేరమ్మా, టిఫిన్ మా ఇంట్లోనే" అన్నారు. బడిలో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి అవతలివాళ్ళ ఒప్పుకోలుతో పని ఉండదు. ఆవిడది మార్టూరుకు దగ్గర్లో ఒక పల్లె. నర్సింగ్ చదివిన ఊరి ఆడపిల్లలకు ఆదివారాలు చర్చి పక్క గదిలో ఇంగ్లీషు నేర్పుతుంటారు. వాళ్ళు ఎప్పటికైనా విదేశాల్లో ఉద్యోగాలు చెయ్యాలని ఆవిడ కోరిక. వాళ్ళలో కరుణ అనే అమ్మాయికి ఇంగ్లండులో వృద్ధులను చూసుకునే ఒక కేర్ హోమ్ నుంచి పిలుపు వచ్చింది. మంగళవారం వీడియోలో ఇంటర్వ్యూ. రాత పరీక్ష మంచి మార్కులతో దాటిన పిల్ల, మాట్లాడమంటే మాత్రం పెదవి విప్పడం లేదట. "దానికి అన్నీ వచ్చమ్మా, నోరొక్కటే రాదు. నువ్వొచ్చి ఎలాగైనా తెరిపించు" అన్నారు సుగుణ టీచర్.

ఈ పని నాకు కొత్త కాదు, అందుకే విసుగు. బ్రాడీపేటలో ఒక మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు చెబుతాను. అంతకుముందు మూడేళ్ళు వియత్నాంలో ఒక చిన్న పట్టణంలో చెప్పాను. అక్కడి పిల్లలు ప్రశ్న వేయగానే పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు, మధ్యలో ఇంగ్లీషు ఇద్దరికీ అరువే. అందుకే ఆ మౌనం నన్ను అంతగా బాధించలేదు. తిరిగి గుంటూరు వచ్చాక, నా భాషే మాట్లాడే పిల్లలు నా ముందు తలలు దించుకుని కూర్చోవడం మొదలయ్యాక నిజమైన అలసట తెలిసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ నుంచి మొదలుపెట్టాను. నాలాగే సెలవు రోజు ఏదో ఒక పల్లెకు వెళ్ళి పాఠం చెప్పొద్దామనుకునే టీచర్లు ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ ప్రయాణం గురించి రాస్తున్నది వాళ్ళ కోసమే.

తెల్లవారకముందే బ్రాడీపేట నుంచి ఆటోలో బస్టాండుకు వెళ్ళాను. ఆ వేళకు ఎనభై అడుగుతాడు, అరవైకి వస్తాడు. ఐదున్నరకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఇప్పుడు ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టే పని లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చింపి ఇస్తారు. మగవాళ్ళకు వంద అటూ ఇటూగా అవుతుంది. డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి సీటు కూడా దొరకదనుకోవాలి. ఆదివారం పొద్దున బస్సు ఖాళీగా ఉంటుందని వచ్చిన నేను చిలకలూరిపేట దాకా ఒంటికాలి మీదే వెళ్ళాను. కండక్టర్‌ని సీటు సంగతి అడిగితే, "అందరూ ఖాళీగా ఉంటదనే వచ్చారు మేడమ్" అన్నాడు. నాలాంటి తెలివిగలవాళ్ళు జిల్లాలో చాలామందే ఉన్నారన్నమాట.

ఈ దారిలో వెళ్ళాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలు చూడ్డానికి బాగుంటాయి, పీల్చడానికి బాగుండవు. రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే లారీ ఒకటి పక్కనుంచి పోగానే బస్సులో సగం మంది తుమ్మారు, మిగతా సగం కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చిలకలూరిపేట దాటాక పత్తి చేలు ఎండు కట్టెలై నిలబడి ఉన్నాయి. మార్టూరు దగ్గర పడేసరికి ఎరుపు పోయి తెలుపు మొదలవుతుంది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల పొడి ఇళ్ళ మీదా, చెట్ల మీదా, టీ కొట్టు బల్ల మీదా ఒకే తీరుగా పడి ఉంటుంది. ఏడు దాటాక హైవే మీద దిగాను. ఇది ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారి కొన్నేళ్ళయినా, అడిగితే ఇంకా ప్రకాశమనే చెబుతారు.

పల్లెకు షేర్ ఆటో మనిషికి ముప్పై రూపాయలు. ఆటో నడిపే మస్తాన్ నా చేతిలో పుస్తకాల సంచీ చూసి, "సుగుణ టీచర్ గారింటికా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. "మరియమ్మ కూతురు ఇంగ్లండు పోతుంది కదండీ, దానికి నేర్పడానికా?" ఊరికి రాకముందే ఊరి కబురు ఎదురొచ్చింది. నీకెలా తెలుసని అడిగితే నవ్వాడు. "ఆవిడ చేలోకి పోయేది నా ఆటోలోనే. కోతలకు పోయినన్ని రోజులూ అదే మాట. ఆ ఊరి పేరు, మంచు పడుద్దంట, అన్నీ మాకు నోటికొచ్చినయ్. పిల్లమ్మాయి మాత్రం ఆటో ఎక్కితే దిగేదాకా కిక్కురుమనదు." నాకు ముందే ఉన్న నీరసం కాస్త పెరిగింది. పిల్లకు నోరు తెరిపించడం ఒక ఎత్తు, ఊరంతా ఎదురు చూస్తుండగా తెరిపించడం ఇంకో ఎత్తు.

సుగుణ టీచర్ పెసరట్టు వేసి, అల్లం పచ్చడి పెట్టి, నేను తింటుండగానే ఆ రోజు కార్యక్రమం చెప్పేశారు. ఎనిమిదిన్నర నుంచి పది దాకా క్లాసు, పదిన్నరకు ఆరాధన, భోజనం కరుణ వాళ్ళింట్లో, రెండున్నరకు మళ్ళీ క్లాసు. "ఆరాధనకు నేనెందుకండీ, కాసేపు నడుం వాలుస్తాను" అన్నాను. "ఇంటికి తాళం వేసుకుని అందరం అక్కడే ఉంటాం, నువ్వొక్కదానివీ ఇక్కడేం చేస్తావు" అన్నారు. ఈ ఊళ్ళో నా ఇష్టాయిష్టాలకు పెద్దగా విలువ లేదని అప్పటికే అర్థమైంది.

చర్చి పక్క గదికి రేకుల కప్పు, పాత బ్లాక్‌బోర్డు, నేల మీద చాపలు ఉన్నాయి. తొమ్మిది మంది అమ్మాయిలు వచ్చారు. అందరూ గుంటూరులోనో చిలకలూరిపేటలోనో ఆసుపత్రుల్లో పని చేస్తూ, వారానికొక సెలవు రోజు ఇంటికొచ్చే వాళ్ళే. ఆ సెలవు రోజున ఇంగ్లీషు నేర్చుకోవాల్సి రావడం వాళ్ళకెంత సంతోషంగా ఉందో ముఖాల్లోనే తెలుస్తోంది. కరుణ మూడో వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. సన్నగా ఉంది, కళ్ళ కింద నైట్ డ్యూటీ నల్లదనం. నేను చెప్పిందంతా ఆ పిల్లకు అర్థమవుతోందని చూడగానే తెలిసింది. బోర్డు మీద నేను తొందరలో ఒక మాట వదిలేసి రాస్తే అందరికంటే ముందు తల ఎత్తింది కూడా, కానీ ఏమీ అనలేదు.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్నే అడిగాను, మా దేశంలో ఎందుకు పని చెయ్యాలనుకుంటున్నావని. కరుణ లేచి నిలబడింది. మన బడుల్లో నిలబడటమంటే సగం శిక్షే కాబట్టి కూర్చునే చెప్పమన్నాను. కూర్చుంది. మళ్ళీ అడిగాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ చాప వంక చూసింది. చిన్న ప్రశ్న వేశాను, ఎక్కడ పని చేస్తున్నావని. "గుంటూర్ మేడమ్" అంది. ఏ వార్డులో అంటే, "లేబర్ రూమ్ మేడమ్" అంది. ఆ రెండు ముక్కలకే నాకు ఆశ పుట్టి, అక్కడి నుంచి ఇంగ్లండు దాకా లాగుదామని చూశాను. లేబర్ రూమ్ దాటి ఒక్క అడుగు పడలేదు. తక్కినవాళ్ళు మాత్రం తక్కువా? ఒకమ్మాయి బట్టీ పట్టిన జవాబు మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఇంకొకమ్మాయి అన్నిటికీ యెస్ అంది, నీ పేరేమిటన్నా యెస్సే. కిటికీ దగ్గర ఒకావిడ టీ గ్లాసు పట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. నేను చూడగానే గ్లాసు అందించి, "కరుణ అమ్మనండీ. ఏమన్నా మాట్లాడతందా?" అని గొంతు తగ్గించి అడిగింది. ఆవిడే మరియమ్మ. మిరప కోతల ఘాటుకు ఆవిడ వేళ్ళ చివర్లు ఎర్రబడి పగిలి ఉన్నాయి. మాట్లాడుతుంది లెండి అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి, అది కూడా నా దగ్గర ఎక్కువ లేదు.

పదిన్నరకు ఆరాధన మొదలైంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, చాపల మీద. నేను ఆడవాళ్ళ వైపు చివర గోడకు చేరగిలబడ్డాను. పాటలూ డోలకూ అయ్యాక, పాస్టర్ గారు, ఊళ్ళో అందరూ అయ్యగారనే ఆయన, "అందరం స్వరమెత్తి ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు, అందరూ కళ్ళు మూసుకున్నారు. ఒకరు ముందు, ఒకరు వెనక అని లేదు. అందరూ ఒకేసారి, ఎవరి మొర వాళ్ళు, పైకే చెప్పుకోవడం మొదలుపెట్టారు. ముందు గొణుగుడుగా ఉండి, కాసేపటికి రేకుల కప్పు అదిరేంతగా పెరిగింది. అప్పులు, జబ్బులు, పొలం, పిల్లలు, ఏ మాట ఎవరిదో తెలియదు. ఈ పద్ధతి ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ ఉండదు. నేను మాత్రం అక్కడే నిద్ర వదిలి లేచి కూర్చున్నాను, ఎందుకంటే నా ముందు రెండు వరుసల అవతల కరుణ మాట్లాడుతోంది.

మామూలుగా కాదు, గట్టిగా, ఆగకుండా, చేతులు కదుపుతూ మాట్లాడుతోంది. భుజాలు ఊగుతున్నాయి. మాట తడుముకోవడం లేదు, వాక్యం మధ్యలో ఆగడం లేదు. పక్కనే వాళ్ళమ్మ మరియమ్మ, ఆవిడ అంతకంటే గట్టిగా. తల్లీ కూతుళ్ళిద్దరి చెంపల మీదా నీళ్ళు. ఆ హోరులో ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదు. అయ్యగారు ఆమెన్ అనగానే అంతా ఒక్కసారి ఆగిపోయింది. కరుణ చున్నీతో ముఖం తుడుచుకుని మళ్ళీ పొద్దుటి పిల్ల అయిపోయింది.

భోజనం మరియమ్మ ఇంట్లో. ఒక గది, వరండా, వరండా మూల మూటలు కట్టిన మిరపకాయలు. కోడికూర కారంగా ఉంది. కారంగా ఉందని ఈ ప్రాంతంలో ఎవరింట్లోనూ చెప్పకూడదు, మంచినీళ్ళు తాగుతూ తినాలి. మరియమ్మ వడ్డిస్తూనే మాట్లాడింది, నా కంచం చూస్తూ, కూతురి వంక చూస్తూ. "కోతల్లో కూలీల మేస్త్రీ నన్ను ఎప్పుడన్నా పేరు పెట్టి పిలిచాడా అండీ? ఏవమ్మా అంటాడు, ఓయ్ అంటాడు. మొన్న ఇంగ్లండు మరియమ్మ అన్నాడు. నవ్వులాటకే అన్నాడనుకోండి, అయినా పేరైతే పెట్టాడు గదా" అంది. కరుణ అన్నం కలుపుతూనే ఉంది, తినడం లేదు. నువ్వేమంటావు కరుణా అని అడిగాను, తెలుగులోనే. "కూర వేసుకోండి మేడమ్" అంది.

భోజనాలయ్యాక చర్చి గదికి తిరిగి వస్తుంటే నాకు ఆలోచన తట్టింది. ఒక్కరినే లేపి, తక్కినవాళ్ళందరినీ వినమంటే ఈ పిల్లలు మాట్లాడరు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరికీ ఎవరూ వినపడరు, సిగ్గుకు చోటుండదు. పైగా ఆ అలవాటు వాళ్ళకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇన్నేళ్ళూ వియత్నాంలోనూ బ్రాడీపేటలోనూ ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టిన నేను ఈ సంగతి ఇంత ఆలస్యంగా కనిపెట్టాను. సుగుణ టీచర్‌తో చెబితే ఆవిడ "ప్రార్థనను ఎగతాళి చేసినట్టు ఉండదు గదా?" అన్నారు. ప్రార్థన కాదండీ, పద్ధతి ఒక్కటే అన్నాను. సరేనన్నారు కానీ, అయ్యగారి చెవిన పడకుండా తలుపు దగ్గరగా వేశారు.

అమ్మాయిలకు చెప్పాను. కళ్ళు మూసుకోవాలి. నేను మొదలుపెట్టమనగానే అందరూ ఒకేసారి ఇంగ్లీషులో మాట్లాడాలి, తప్పో ఒప్పో. మంగళవారం ఇంటర్వ్యూ మీకే అనుకోండి, దాని గురించి మీ మనసులో ఏముందో చెప్పండి. ఎవరూ ఎవరి మాటా వినక్కర్లేదు. నేను భుజం మీద చెయ్యి వేసినవాళ్ళు ఆగాలి, మిగతావాళ్ళు ఆగకూడదు. ఒకరినొకరు చూసుకుని నవ్వారు, కళ్ళు మూసుకున్నారు. గుమ్మం బయట మెట్టు మీద మరియమ్మ కూర్చుని ఉంది, తలుపు సందులోంచి చూస్తూ.

మొదట పేర్లూ ఊళ్ళూ చెప్పుకున్నారు, గొణుగుతూ. తర్వాత ఒకమ్మాయి గొంతు పెంచింది, ఆమెను దాటాలని పక్కమ్మాయి పెంచింది. రెండు నిమిషాల్లో గది నిండిపోయింది. ఇంగ్లీషు కాలుజారి పడుతోంది, లేస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. పొద్దున అన్నిటికీ యెస్ అన్న అమ్మాయి వాళ్ళ హెడ్ నర్సును ఇంగ్లీషులో తిట్టడం నా చెవులారా విన్నాను. ఎన్నాళ్ళ తర్వాతో నా పని మీద నాకు సంతోషం కలిగింది. నేను వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేశాను. హోరు కొంచెం కొంచెంగా తగ్గింది. కావాలనే కరుణను చివరికి ఉంచాను. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు పొద్దుటిలాగే కదుపుతూ, మిగతా గొంతులు ఆగిపోయాయని గమనించకుండా చెప్పుకుపోతోంది. చివరికి గదిలో ఆ ఒక్క గొంతే మిగిలింది.

లేబర్ రూమ్ గురించి చెబుతోంది. వ్యాకరణం అక్కడక్కడా తప్పినా మాటలు ధారగా వస్తున్నాయి. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు తన చెయ్యే పట్టుకుంటారట, గోళ్ళు దిగేలా. బిడ్డ మొదటి ఏడుపు విన్నాక ఇంటికి వెళ్ళబుద్ధి కాదట. డాక్టరమ్మ తనను పేరు పెట్టి పిలుస్తుందట. ఆ కేర్ హోమ్‌లో అంతా ముసలివాళ్ళు, వాళ్ళను చూసుకోవడం మంచి పనే, కానీ అది తన పని కాదు. ఆ తర్వాత ఆమె మాట్లాడుతున్నది ఇంటర్వ్యూ వాళ్ళతో కాదని అర్థమైంది. "లార్డ్, ఐ డోంట్ వాంట్ టు గో. ప్లీజ్ మేక్ దెమ్ సే నో. ఐ విల్ నాట్ స్పీక్, యూ మేక్ దెమ్ సే నో" అంది. నేను మాట్లాడను, నువ్వే వాళ్ళ చేత వద్దనిపించు అని. అదే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను చెయ్యి ఎత్తాను కానీ భుజం మీద వెయ్యలేకపోయాను. నిశ్శబ్దం ఎప్పటికో చెవికి తగిలి కళ్ళు తెరిచింది. ఎనిమిది మంది అమ్మాయిలూ తన వంకే చూస్తున్నారు. సుగుణ టీచర్ బోర్డు వైపు తిరిగి నిలబడ్డారు.

గుమ్మంలో మరియమ్మ లేచి నిలబడి ఏడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడుస్తోంది. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "నా తల్లే, ఎంత గబగబా మాట్లాడిందండీ. దొరల్లాగా మాట్లాడిందండీ. ఏం చెప్పింది టీచర్ గారూ?" అంది. నేను సుగుణ టీచర్ని చూశాను, ఆవిడ నన్ను చూశారు. "బాగా చెప్పింది మరియమ్మా" అన్నారు ఆవిడే చివరికి, "చాలా బాగా చెప్పింది." పిల్లలందరికీ కూల్‌డ్రింక్ తెస్తానని మరియమ్మ కొట్టు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరగగానే సుగుణ టీచర్ నా దగ్గరికి వచ్చి, "నోరు తెరిపించమంటే ఇదా తల్లీ నువ్వు తెరిపించింది" అన్నారు. కోపంగానే అన్నారు.

కరుణ బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. పక్కన నిలబడ్డాను. మీ అమ్మకు ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను.

"చెప్తూనే ఉన్నా మేడమ్. ప్రతి ఆదివారం."

"ఎక్కడ?"

"ప్రార్థనలో. అమ్మ పక్కనే కూర్చుని, గట్టిగానే, తెలుగులోనే. నేను పోను, నన్ను పంపొద్దు అని. ఆవిడ నన్ను పంపమని నాకంటే గట్టిగా అడుగుతుంటది. ఇద్దరం అరుస్తుంటే ఇంకేం వినపడుతుంది?" చున్నీతో ముఖం ఒత్తుకుంది. "ఎప్పుడన్నా అయ్యగారు టక్కున ఆమెన్ అంటారు గదా, ఆ చివరి ముక్క వినపడుద్దేమోనని చూశా. వినపడలేదు."

నేను చెప్పనా అని అడిగాను. అడుగుతూనే నాకు తెలుసు, అది చెయ్యకూడని పని అని. ఆ పిల్ల కూడా తల అడ్డంగా ఊపింది. అప్పటికే మరియమ్మ పెద్ద సీసా చంకలో పెట్టుకుని, ప్లాస్టిక్ గ్లాసుల దొంతర చేత్తో పట్టుకుని వస్తోంది. కరుణ ఎదురు వెళ్ళి సీసా అందుకుంది. అందుకుని, అక్కడే వీధిలో నిలబడి, కళ్ళు తెరిచి, మామూలు గొంతుతో చెప్పింది. "అమ్మా, నేను ఇంగ్లండు పోను. ఇందాక ఇంగ్లీషులో చెప్పింది అదే."

మరియమ్మ ముందు నవ్వింది, వేళాకోళమనుకుని. తర్వాత నా వంక చూసింది. నేను తల దించుకున్నాను, అచ్చం నా విద్యార్థుల్లాగే. గ్లాసుల దొంతర ఆవిడ చేతిలోంచి జారి మట్టిలో పడింది. ఎవరూ తియ్యలేదు. ఆవిడ కూతురి వైపు తిరిగింది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. చెప్పందే నాకేం తెలుస్తదే?" చెప్పానని కరుణ అంది, ఎక్కడ చెప్పిందో కూడా చెప్పింది. మరియమ్మ చర్చి గోడ వంక తిరిగి చూసింది. "మరి దేవుడు ఎవరి మాట వినాలే? ఒకే చాప మీద కూర్చుని నేనొకటి అడిగి, నువ్వొకటి అడిగితే?" అంది. కోపం కాదు, నిజంగానే అడిగింది. తర్వాత మాత్రం కోపం వచ్చింది. ఊళ్ళో తల ఎట్లా ఎత్తుకోవాలంది, మేస్త్రీ ఏమంటాడంది, ఈ ముక్క ఆ పరీక్ష రాయకముందు చెప్పి ఏడవచ్చు గదే అంది. కరుణ సీసా పట్టుకుని అన్నీ విన్నది. లోపలికి వెళ్ళలేదు, తల దించుకోలేదు.

ఆ సాయంత్రం క్లాసు మళ్ళీ సాగలేదు. ఐదున్నరకు మస్తాన్ ఆటో వచ్చింది. బయల్దేరుతుండగా మరియమ్మ పాత క్యారీ బ్యాగులో ఎండు మిరపకాయలు కట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వద్దన్నా వినలేదు. "అది ఇంగ్లీషులో మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి సంబరపడి ఏడ్చా చూశారా, అదండీ నాకు సిగ్గుగా ఉంది" అంది. సిగ్గుపడాల్సింది మీరు కాదు అన్నాను. ఆటో కదిలాక మస్తాన్ అద్దంలో చూస్తూ, "మాట్లాడిందా అండీ పిల్లమ్మాయి?" అని అడిగాడు. మాట్లాడింది అన్నాను. "మీరు గట్టివాళ్ళే" అన్నాడు. హైవే మీద గుంటూరు బస్సుకు ముప్పావు గంట నిలబడ్డాను. ఆరు దాటాక ఎక్స్‌ప్రెస్‌లు నిండి వస్తాయి, కొన్ని ఆగకుండా పోతాయి. తిరుగు ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఐదు లోపలే రోడ్డెక్కడం మంచిది. బ్రాడీపేటలో మెట్లు ఎక్కేసరికి ఒంట్లో శక్తి లేదు, బట్టల నిండా మిరపఘాటు.

మంగళవారం ఇంటర్వ్యూ వేళకు కరుణ డ్యూటీకి వెళ్ళిందని సుగుణ టీచర్ ఫోన్‌లో చెప్పారు. మరియమ్మ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదట. ఆ పై ఆదివారం ఆరాధనలో, అందరూ స్వరమెత్తే వేళకు ముందే లేచి అయ్యగారిని మైకు అడిగిందట. "మా పిల్ల ఇంగ్లండు పోవటం లేదు. ఇన్నాళ్ళూ నాతో కలిసి అడిగారు, ఇక అడగొద్దు. ఇక్కడ చేసే పనిలో అది చల్లగా ఉండాలని అడగండి" అని చెప్పి కూర్చుందట. ఆ మాట చెప్పడానికి ఆవిడకు హోరు తోడు లేదు, అందరూ కళ్ళు తెరిచి చూస్తున్నారు. మౌనం అర్ధాంగీకారం అని మనవాళ్ళు ఎందుకన్నారో గానీ, నేను పాఠం చెప్పిన పిల్లల మౌనాలన్నీ ఆ రోజు నుంచి నాకు మళ్ళీ గుర్తొస్తున్నాయి. పుస్తకం నోటికి అడ్డం పెట్టుకున్న ఆ వియత్నాం పిల్లల్లో ఎందరు భాష రాక ఊరుకున్నారో, ఎందరు వద్దని చెప్పలేక ఊరుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే బస్సులో నిలబడిన అలసట పెద్దదనిపించదు.

ఇలా పాఠం చెప్పడానికి బయల్దేరేవాళ్ళకు ఒక్క సలహా. అందరినీ ఒకేసారి మాట్లాడించే పద్ధతి బాగా పని చేస్తుంది, తప్పకుండా వాడండి. కానీ దానికంటే ముందు, తల్లిదండ్రులను కాసేపు టీకి పంపించి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, వెళ్ళడం నీకు ఇష్టమేనా అని తెలుగులో అడగండి. జవాబు వచ్చేదాకా పుస్తకం తెరవకండి.